మంచు ఖండం మీద తువ్వాల

నంద్యాల బస్టాండులోకి ఆళ్లగడ్డ బస్సు మలుపు తిరిగిందంటే చాలు, అది ఆగకముందే కిటికీల్లోంచి తువ్వాళ్లు లోపలికి ఎగురుతాయి. తువ్వాల పడిన సీటు ఆ మనిషిది. ఆయన నింపాదిగా టీ తాగి, బీడీ ఆర్పి, బస్సు కదిలాక పరుగెత్తుకొచ్చి ఎక్కినా సరే, ఆ సీటు ఆయన కోసం కాచుకుని ఉంటుంది. రిజిస్ట్రారు ఆఫీసులో రాయించుకున్న పొలానికైనా తగాదా వస్తుందేమో గాని, తువ్వాల వేసిన సీటుకు మా వైపు తగాదా రాదు. వేసినవాడు తప్ప ఇంకొకడు ఆ తువ్వాల ఎత్తడు. అది మాకు ఎవరూ నేర్పలేదు. కాళ్లొచ్చినట్టే వచ్చింది.

ఈ సంగతి ముందే చెప్పి పెట్టుకోవాలి. ఎందుకంటే నా ఉద్యోగంలోకెల్లా పెద్ద గొడవ ఒక తువ్వాల వల్లే జరిగింది. అది జరిగింది బస్సులో కాదు. భూమి అడుగుకొసన, చెట్టు చేమ లేని మంచు ఖండం మీద, ఆకాశంలో.

నమ్మరని తెలుసు. నేను నంద్యాలలో ఒక యాత్రల కంపెనీకి టూరు మేనేజరుగా ఇరవై ఏళ్లకు పైనే పనిచేసి, మోకాళ్లు మొండికేసి ఈమధ్యనే మానుకున్నవాణ్ని. ఇప్పుడు టూరిజం కోర్సులు చదివి ఈ పనిలోకి వస్తున్న పిల్లలు మెడలో కార్డు, చేతిలో చిన్న జెండాతో ముచ్చటగా ఉంటారు. మా కాలంలో మెడలో విజిల్ ఉండేది, బస్సు వెనక గ్యాసు పొయ్యి, ఒక వంటాయన ఉండేవారు. కాశీకి పోయినా రామేశ్వరం పోయినా ఉదయం ఉగ్గాని పడకపోతే మా యాత్రికులు దేవుడితో కూడా మాట్లాడరు. టూరు మేనేజరు అంటే సగం వంటమనిషి, సగం కోతలు కోసేవాడు. దారిలో కొండ విరిగి పడి బస్సు పూటంతా ఆగిపోయిందనుకోండి, జనం మేనేజరు మీద పడకుండా కాపాడేది కథే. మానససరోవరంలో ఒక హంస నా చేతిలోని బొరుగుల్లోంచి పప్పులు మాత్రమే ఏరుకుని తిని, బొరుగులు వదిలేసి పోయిందని ఒకసారి చెప్పాను. సింగపూరులో సింహం నన్ను చూసి మన యాసలోనే ఆవులించిందన్నాను. జనం నవ్వేవాళ్లు, కోపం మరిచేవాళ్లు. కానీ పేరు మిగిలిపోయింది. ఆళ్లగడ్డ నుంచి మహానంది దాకా "వాడు చెప్పినాడంటే సగానికి సగం తీసెయ్" అనేవాళ్లు. మిగిలిన సగం కూడా ఎక్కువేనని మా ఆవిడ అంటుంది.

మా ఓనరుకు ఒక ఏడాది ఆస్ట్రేలియా మీద మోజు పుట్టింది. ఆ దేశం నుంచి వేసవిలో, అంటే మనకు చలికాలంలో, మంచు ఖండం మీదికి విమానం వెళుతుందని ఎవరో చెప్పారు. ఎక్కడా దిగదు. పొద్దున లేచి, సముద్రం దాటి, మంచు కొండల మీద చక్కర్లు కొట్టి, రాత్రి భోజనానికి వెనక్కి వస్తుంది. చూడ్డమే పని. ఓనరు వెంటనే బస్టాండు ఎదురుగా బోర్డు కట్టించాడు. మా ఆఫీసులో టికెట్ల పని చూసే అమ్మాయి మాత్రం కాగితాలు పూర్తిగా చదివి నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, మబ్బులు కమ్మితే కింద ఏమీ కనపడకపోవచ్చని ఇక్కడ రాసినారు. ఆ మాట జనానికి చెప్పల్లగదా?"

"చెప్దాంలేమ్మా, ఎక్కినాక" అన్నాను. ఎక్కినాక చెప్పే మాటలు నా దగ్గర అప్పటికే చాలా పోగయ్యాయి.

బోర్డు కట్టిన వారానికి ఒక పెద్దమ్మ ఆఫీసుకు వచ్చింది. ఆళ్లగడ్డ మనిషి. ముడి గట్టిగా వేసుకుని, చేతిసంచి చంకలో ఇరికించుకుని, కుర్చీ చూపించినా కూర్చోకుండా అడిగింది.

"ఏమప్పా, మంచు దేశం మీద ఇమానం పోతాదని బోర్డు పెట్టినారే. అది నిజమేనా, నీ మాటేనా?"

"రెండూనూ పెద్దమ్మా. కూచో."

"ఆడ నీలం గడ్డ ఉండాదా?"

"నీలమొక్కటేనా! పచ్చ, ఊదా, నెమలికంఠం... నీకు ఏది కావాలంటే అది."

"నాకు చీర గాదప్పా కావాల్సింది. మైలుతుత్తం రంగు మంచుగడ్డ ఉండాదా, ల్యాదా? అది చెప్పు."

నా వ్యాపారంలో నన్ను అంత సూటిగా కోసినవాళ్లు తక్కువ. నేను నోరు మూసుకున్నాక ఆమె కూర్చుని చెప్పింది.

ఆమె భర్త మిలటరీలో మెకానిక్కు. ఒకసారి సర్కారు వాళ్లు మంచు ఖండానికి పంపిన బృందంలో ట్రాక్టర్లు, జనరేటర్లు చూసుకునే పనిమీద ఆయన్నీ పంపారు. ఏడాదికి పైగా ఉండి వచ్చాడు. పింఛను పుచ్చుకున్నాక ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు పెట్టుకున్నాడు. సాయంత్రం చేతులకు గ్రీజు కడుక్కుని, ఎరువులూ పురుగుమందులూ అమ్మే ఒక శెట్టి అంగడి అరుగు కొసన స్తంభానికి ఆనుకుని మంచు దేశం కథలు చెప్పేవాడు.

"పొద్దు మునగకుండా గానుగెద్దు మాదిరి చుట్టూ తిరుగుతాదనె. నమ్మినాం. ఈగ ల్యాదు, దోమ ల్యాదు, యాడా వాసనే ల్యాదనె. నమ్మినాం. గాలి గీకి గీకి, మంచు పోయిన తావుల్లో అడుగు గడ్డ బయటపడి మైలుతుత్తం మాదిరి నీలంగా ఉంటాదనె. దానికి మాత్రం అందరూ నగినారు. అంగడి శెట్టి డబ్బాలోంచి మైలుతుత్తం గడ్డ తీసి, 'ఇదో అన్నా నీ మంచు, సోడాలో ఏసుకుని తాగు' అన్నాడంట. ఇంటికొచ్చి నాకు చెప్తే నేనూ నగితి. గడ్డ తెల్లగుండక నీలంగుంటాదా అంటి."

"మరి కోపమొచ్చిందా ఆయనకు?"

"కోపమొస్తే బాగుండు. చెప్పేది మానేసినాడు. అంగడి అరుగుకు పోయేదీ మానేసినాడు. ఇంట్లో నాకాడ గూడా మల్లా ఆ దేశం పేరెత్తల్యా. రెండేండ్లయితాంది ఆయప్ప పోయి."

టికెట్ల అమ్మాయి కంప్యూటరు వైపు తిరిగి కూర్చుంది.

"ఇప్పుడు చూసి ఏం చేస్తావు పెద్దమ్మా?"

"ఆడ నీలం గడ్డ ఉంటే నేను తప్పు. ల్యాకుంటే ఆయప్ప తప్పు. ఇంట్లో ఎవరో ఒకరం తప్పు గదప్పా. ఎవరో తెలుసుకుని పోతా."

ఆ మాటకు నేను ఒట్టు పెట్టాను. కిటికీ సీటు నా పూచీ అన్నాను. అబద్ధాలు చెప్పేవాడికి ఒట్లు తేలిక, కానీ ఆమె పేరు పక్కన కిటికీ అని మాత్రం అప్పుడే రాసిపెట్టుకున్నాను.

తర్వాతి వారం ఆ అంగడి శెట్టి కూడా వచ్చి తన పేరు రాయించుకున్నాడు. డెబ్బై దాటిన మనిషి. తెల్లపంచె, భుజాన ఎర్రంచు తువ్వాల. ఎందుకొస్తున్నావు శెట్టన్నా అంటే, "మన శనగల ధర పడగొట్టేది ఆస్ట్రేలియావాళ్లే గదప్పా. వాళ్ల మొగాలు ఒకతూరి చూద్దామని" అన్నాడు. మంచు విమానానికి కూడా డబ్బు కట్టాడు. అదెందుకంటే "ఎట్లా పోతాండాం గదా" అన్నాడు. నేను ఇంకేమీ అడగలేదు. యాత్రికుణ్ని ఎక్కువ ప్రశ్నలు అడిగితే మనసు మార్చుకుంటాడని మా ఓనరు నేర్పిన పాఠం.

ఆస్ట్రేలియాలో దిగగానే ఎయిర్‌పోర్టువాళ్లు మా నిప్పట్లూ, చింతాకు పొడీ, ఊరగాయ సీసాలూ లాక్కుని చెత్తడబ్బాలో వేశారు. ఉయ్యాలవాడ నుంచి వచ్చిన ఒక రైతు "మన శనగలొద్దు, మన ఊరగాయొద్దు, మన దుడ్లు మాత్రం కావాల్నా వీళ్లకు" అని గేటు దాటేదాకా తిట్టుకుంటూనే ఉన్నాడు. శెట్టి మాత్రం దారిలో కనపడిన ప్రతి పొలం దగ్గరా బస్సు ఆపమన్నాడు. శనగ చేను ఒక్కటీ కనపడలేదు. "దాచిపెట్టినారు" అన్నాడు.

విమానం రోజు వచ్చింది. అందులో ఒక పద్ధతి ఉంది, అది చెప్తేనే మిగతాది అర్థమవుతుంది. అందరికీ కిటికీ దొరకదు కాబట్టి ప్రతి మనిషికీ రెండు సీట్ల నంబర్లిస్తారు. పోయేటప్పుడు ఒకటి, సగం చక్కర్లు అయ్యాక ఇంకొకటి. మంచు మీద సగం సేపు తిరిగాక మైకులో చెప్తారు. అప్పుడు కిటికీ దగ్గరున్నవాళ్లు లేచి, పక్కన కూర్చున్నవాళ్లకు ఇవ్వాలి. ఒకే ఊరివాళ్లు, మాటకు మాట కలుస్తుందని పెద్దమ్మనూ శెట్టినీ నేనే ఒక వరుసలో వేశాను. ఆయన "ముందు కిటికీ నాకు" అన్నాడు. ఆమె "నాకు వెనక సగమే ఇయ్యప్పా, విస్తట్లో తీపి ఆఖర్న గదా" అంది. ఆ వరుసలో చివరి సీటు నాది. నేను కిటికీకి దూరంగా, కాళ్లు చాపుకునే వీలున్న చోట.

తెల్లవాళ్లే ఎక్కువ. మధ్యలో మా బలగం. సముద్రం మీద కాఫీలు తాగారు, టిఫిన్లు చేశారు. ఆ తర్వాత మైకులో కెప్టెను ఏదో చెప్పగానే అందరూ కిటికీలకు అతుక్కున్నారు. కింద మబ్బు. దూది ఏకి పరిచినట్టు ఒకటే మబ్బు. ఎంతసేపు పోయినా మబ్బే. తెల్లవాళ్లు కూడా కెమెరాలు ఒళ్లో పెట్టుకుని ఆవులించారు.

"ఇదేనా మంచు?" అన్నాడు ఉయ్యాలవాడ రైతు వెనక నుంచి.

"ఇది పైపొర. అడుగున అసలు సరుకుంటుంది" అన్నాను. టికెట్ల అమ్మాయి మొహం గుర్తొచ్చింది. మబ్బుల సంగతి ఎక్కాక చెప్తానన్నాను గదా. ఇప్పుడు చెప్పే అవసరమే లేకుండా పోయింది.

శెట్టి కిటికీ నుంచి తల తిప్పలేదు. కాఫీ వద్దన్నాడు, టిఫినూ వద్దన్నాడు. ఆ మబ్బును అంత శ్రద్ధగా చూసిన మనిషి భూమ్మీద ఇంకొకడు ఉండడు. పెద్దమ్మ నడుమ సీటులో చేతిసంచి ఒళ్లో పెట్టుకుని తన వంతు కోసం కూర్చుంది. ఇద్దరూ ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. ఒకే ఊరు, మాట కలుస్తుందని వేశానే, నా తెలివికి నేనే మెచ్చుకున్నాను.

చాలాసేపటికి శెట్టికి లేవక తప్పలేదు. వయసు గదా. లేచి, మమ్మల్ని దాటుకుని వెనక్కి పోయేముందు భుజం మీది తువ్వాల తీసి కిటికీ సీటు మీద వేశాడు.

ఆయన అటు పోయాడో లేదో, మైకులో సీట్లు మారమని చెప్పారు. విమానమంతా లేచింది. కిటికీవాళ్లు ఇవతలికి, ఇవతలివాళ్లు కిటికీకి. సరిగ్గా అదే సమయానికి, రెక్క కింద మబ్బు చిరగడం మొదలైంది. ముందు ఒక నల్లటి కొండ కొన కనపడింది. తర్వాత ఇంకొకటి.

"పెద్దమ్మా, జరుగు, జరుగు! నీ వంతే ఇప్పుడు!"

ఆమె లేచి నిలబడింది. కిటికీ సీటు వైపు చూసింది. కూర్చోలేదు.

"తువ్వాల ఉండాదప్పా" అంది.

మీలో చదువుకున్నవాళ్లు నవ్వుకుంటారు. నేను నవ్వలేదు. ఆ క్షణాన నా చెయ్యి కూడా ఆ తువ్వాల మీదికి పోలేదు. విమానంలో పనిచేసే ఒక పొడుగాటి ఆడమనిషి ఇది చూసింది. పాపం, మంచిదే. చిరునవ్వు నవ్వుతూ వంగి, ఆ తువ్వాల తీసి మడతపెట్టబోయింది. అంతే.

"ఏయ్! తువ్వాల ముట్టొద్దు!"

ముందు వరుసల నుంచీ వెనక వరుసల నుంచీ మా వాళ్లందరూ ఒక్క గొంతుతో అరిచారు. ఆమె పామును ముట్టినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది. అది పవిత్రమైన గుడ్డేమో, మా మతానికేదో అపచారం చేశానేమో అనుకుని రెండు చేతులూ జోడించింది. నేను నాకొచ్చిన ఇంగ్లీషులో బస్సు గురించీ, నంద్యాల గురించీ, సీటు గురించీ చెప్పాను. ఆమెకు ఎంత అర్థమైందో గాని, తువ్వాలకు ఒక దణ్ణం పెట్టి వెళ్లిపోయింది.

శెట్టి తిరిగొచ్చాడు. తువ్వాల భుజాన వేసుకుని అదే కిటికీలో కూర్చున్నాడు.

"శెట్టన్నా, సీటు మారాల. ఇప్పుడు పెద్దమ్మది."

"నా సగం మబ్బులకే పాయె గదప్పా. నేనేం చూసినా?"

"ఆ మాట మబ్బునడుగు. రూలు రూలే."

"తువ్వాల ఏసి పోయినాను. సీటు నాది."

వెంటనే మా బలగం రెండుగా చీలిపోయింది. "ఏసినాడప్పా, మేం చూసినాం, ఆయనదే" అన్నాడు ఉయ్యాలవాడ రైతు. "ఇదేమన్నా ఆర్టీసీ బస్సా? ఆడమనిషి నిలబడుంటే కూచుంటాడా?" అన్నాడు కొత్తపల్లె నుంచి వచ్చిన రిటైర్డు పంతులు. "ఆర్టీసీ అయితేనేం, ఇమానమైతేనేం, తువ్వాల తువ్వాలే!" కింద కొండలు బయటపడుతున్నాయి. విమానమంతా కేరింతలు. మా వరుస మాత్రం ఆళ్లగడ్డ బస్టాండు.

నాకు ఒక ఉపాయం తోచింది. కెప్టెను మైకులో అవతలి పక్క చూడమంటున్నాడు.

"శెట్టన్నా, ఆ పక్కకు పోయి చూడు! మంచులో నిప్పుకొండ, పొగ వదులుతాంది!"

శెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. "మంచులో నిప్పుకొండ! రేపు సముద్రంలో గడ్డివామి తగలబడిందంటావు. నీ మాట నమ్మి లేచేదానికి నేను మానససరోవరం హంసనా?"

అయ్యా, ఆ కొండ నిజం. తెల్లటి మంచుముద్ద నెత్తిన సన్నటి పొగ, ఊదొత్తి వెలిగించినట్టు. తెల్లవాళ్లందరూ అటు విరగబడ్డారు. నా ఉద్యోగం మొత్తంలో ఒక్క పచ్చి నిజం సమయానికి చెప్పాను. అది నా నోటినుంచి రావడమే దాని తప్పయింది.

పెద్దమ్మ అప్పటిదాకా సీటు వీపు పట్టుకుని నిలబడే ఉంది. గొడవ పడలేదు. ఆమె కళ్లు శెట్టి భుజం మీదుగా కిటికీలోంచి ఏదన్నా కనపడుతుందేమోనని వెతుకుతున్నాయి. ఇంకొద్దిసేపటికి విమానం వెనక్కి తిరుగుతుంది. ఆమె ఇంతదూరం వచ్చి నడుమ సీటు నుంచి శెట్టి బట్టతల చూసి పోవాలి. నేను పెట్టిన ఒట్టు నా మెడకే చుట్టుకుంటోంది.

"శెట్టన్నా, దణ్ణం పెడతా. ఆ కొండలు రెండు పక్కలా ఉంటాయి. ఏ కిటికీ అయితే ఏం నీకు?"

"నాకు కొండలొద్దప్పా!" అన్నాడు. "నాకు నీలం గడ్డ కావాల. అది యాడ అగుపిస్తాదో నాకు తెలీదు. అందుకే పొద్దున్నించి చూస్తాండా."

పెద్దమ్మ చేయి సీటు వీపు మీద బిగుసుకుంది.

"నీకెందుకు శెట్టీ నీలం గడ్డ?"

ఆయన కిటికీ వైపే తిరిగి చెప్పాడు. "అరుగు మీద మొదట నగినోణ్ణి నేనే గద వదినా. మైలుతుత్తం మెకానిక్కు అని పేరు పెట్టినోణ్ణీ నేనే. తమాషాకంటిని. మర్నాటినుంచి ఆయన రాల్యా. రేపొస్తాడులే, ఎల్లుండొస్తాడులే అనుకుంటి. పిలిస్తే ఏమయ్యేది? పిలవల్యా. ఇంక యాడ పిలుస్తా? కనీసం చూసి పోదామని."

పెద్దమ్మ ఆయన నెత్తి వైపు చూసింది. ఆమె మొహంలో కోపముందో, ఇంకేముందో నాకు తెలియలేదు. అబద్ధాల్లో ఆరితేరినవాణ్నే గాని మొహాలు చదవడంలో నేను కొంచెం వెనక.

"లెయ్ శెట్టీ" అంది మెల్లగా. "నేను ఆయన పెండ్లాన్ని. ముందు నేను చూడాల."

శెట్టి లేచాడు. ఎవరి మాటకూ లేవని మనిషి, ఆ మాటకు లేచాడు. తువ్వాల సర్దుకుని నడుమ సీటులోకి జరిగాడు. ఆమె కిటికీ దగ్గర కూర్చుని నుదురు అద్దానికి ఆనించింది. ఆమె ముడి, చెంగు కలిసి కిటికీ మొత్తం కప్పేశాయి. శెట్టికి గాని నాకు గాని చీమ తలంత సందు కూడా లేదు.

శెట్టి కాసేపు ఓపిక పట్టాడు. తర్వాత ఆగలేకపోయాడు.

"వదినా. ఏమన్నా అగుపిస్తాందా?"

ఆమె నుదురు ఇంకాస్త అద్దానికి నొక్కింది.

"గడ్డ కనపడిందా? ఏం రంగుండాది?"

ఆమె తల తిప్పకుండానే చెప్పింది. "కనపడింది. తెల్లగానే ఉండాది శెట్టీ. నీ అంగట్లో ఉప్పు మాదిరి."

అయిపోయింది, ఇంట్లో తప్పు ఎవరిదో తేలిపోయిందనుకున్నాను. శెట్టి తన ముందున్న సీటు మీద గుద్ది అరిచాడు.

"అబద్ధం! సరిగ్గా చూడు వదినా! నీకు కండ్లు మసకలు! ఆయప్ప ఏనాడూ అబద్ధం చెప్పినోడు కాదు! బోల్టు బిగియకుంటే బిగియల్యా అని మొగానే చెప్పే మనిషి, మంచు గురించి అబద్ధమెందుకు చెప్తాడు? నీలంగానే ఉంటాది! ఉండి తీరాల!"

ముందు సీటాయన బెదిరి వెనక్కి చూశాడు. ఉయ్యాలవాడ రైతు లేచి నిలబడ్డాడు. పెద్దమ్మ అప్పుడు కిటికీ నుంచి తల వెనక్కి తీసింది. అద్దం మీద ఆమె ఊపిరి పొగలా కమ్మి ఉంది. చెంగుతో తుడిచింది.

"ఈ మాట ఆయప్ప ఉన్నప్పుడు అనింటే" అంది, "అరుగు మానేసుండడు గద శెట్టీ. చూసుకో."

శెట్టి వంగాడు. ఆయన వీపు మీదుగా నేనూ వంగాను.

రెండు నల్ల కొండల నడుమ నుంచి ఒక నది పారినట్టు మంచు పారుతూ ఉంది. పారడం లేదు గాని, పారుతున్నదాన్ని ఎవరో నిలబడమంటే నిలబడినట్టుంది. దాని మీద మంచుపొడి ఏమీ లేదు. గాలి ఊడ్చేసింది. అడుగున గడ్డ బయటపడి ఎండలో మెరుస్తోంది. నీలం. మబ్బు నీలం కాదు, సముద్రం నీలం కాదు. బోరుబావి మోటరు దగ్గర డ్రమ్ములో మందు కలిపేటప్పుడు రైతులు చూసే నీలం. డబ్బా మూత తీస్తే శెట్టి అంగట్లో కనపడే నీలం. నేను ఎన్నో దేశాల గురించి ఎన్నో చెప్పాను. దీనికి ఇంకో మాట కలపాలని నాకు అనిపించలేదు. మెకానిక్కు ఆ మాట ముందే చెప్పేశాడు. అంతకంటే సరిగ్గా చెప్పడం ఎవరి వల్లా కాదు.

శెట్టి ఏడ్చాడని నేను చెప్పను. తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు, అంతే. పెద్దమ్మ నా వైపు తిరిగింది.

"తప్పు నాదే అయిందప్పా" అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మొహం చూసి ఉండాలి మీరు. పందెం గెలిచినవాళ్ల మొహం కూడా అంత వెలుగుతుందని నేననుకోను.

తిరిగి వచ్చేదాకా ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు ఆ కిటికీని వాడుకున్నారు. సీటు నంబర్ల సంగతి ఎవరికీ గుర్తులేదు. పొడుగాటి ఆడమనిషి మాత్రం ఆ వరుస దగ్గరికి వచ్చిన ప్రతిసారీ తువ్వాలను జాగ్రత్తగా తప్పించుకుని కాఫీ ఇచ్చింది. ఒక పెంగ్విను రెక్క మీద కూర్చుని మా వాళ్లకు దణ్ణం పెట్టిందని నేను తర్వాత చాలాచోట్ల చెప్పాను. అది మాత్రం నమ్మకండి.

ఇప్పుడు శెట్టి కథ చెప్పాలి. ఊరికి రాగానే ఆయన అంగట్లో మైలుతుత్తం డబ్బా బయటికి తీసి, వచ్చినవాళ్లందరికీ చూపించడం మొదలుపెట్టాడు. "ఇదే రంగప్పా మంచు. మా అన్న చెప్పింది నిజం." జనం నవ్వారు. ఫోనులో ఫోటోలు చూపించాడు. "ఇప్పుడు ఫోన్లో గాడిదకు కూడా రెక్కలు పెట్టొచ్చు శెట్టీ" అన్నారు పిల్లలు. నెల తిరక్కుండానే ఆయనకు మైలుతుత్తం శెట్టి అని పేరొచ్చింది. పెద్దమ్మ పురుగుమందుకో, విత్తనాలకో వచ్చినప్పుడు "వదినా, నువ్వు చెప్పు వీళ్లకు" అంటాడు. ఆమె సంచిలో సరుకు సర్దుకుంటూ "ఏమో శెట్టీ, నువ్వు ఎక్కువ మబ్బులే చూస్తివి గదా" అని చక్కా పోతుంది. చివరికి సాక్ష్యానికి ఆయన నన్ను పిలిపించాడు. నేను వెళ్లి, దేవుడి మీద ప్రమాణం చేసి, నిజమే అని చెప్పాను. దాంతో ఆ విషయం పూర్తిగా మూతబడిపోయింది. నా సాక్ష్యం పడ్డాక ఇంకెవడు నమ్ముతాడు?

ఈ మధ్య ఒకరోజు ఆళ్లగడ్డ పోయినప్పుడు ఆ అంగడి ముందు ఆగాను. అరుగు మీద జనం బాగానే ఉన్నారు. ఎవడో శెట్టిని "ఈ ఎండకు కాస్త నీలం గడ్డ ఏసుకో శెట్టీ సోడాలో" అంటున్నాడు. శెట్టి నవ్వుతున్నాడు.

"నీకు కోపం రాదా శెట్టన్నా?" అన్నాను.

"ఆయప్ప ఇన్నేండ్లు పడినాడు. నేను కొన్నాళ్లు పడకూడదా?" అన్నాడు. "కూచో, కాఫీ చెప్తా."

అరుగు కొసన, స్తంభానికి ఆనుకునే వీలున్న చోటు ఒకటి ఖాళీగా ఉంది. జనం ఇరుక్కుని కూర్చున్నారు గాని అక్కడ ఎవరూ కూర్చోలేదు. మోకాళ్ల నొప్పి మనిషిని గదా, పోయి అక్కడ చతికిలబడబోయాను.

అరుగు మీది వాళ్లందరూ ఒక్క గొంతుతో అరిచారు.

"ఏయ్, ఆడ తువ్వాల ఉండాది, కనపడల్యా?"

చూశాను. ఎర్రంచు తువ్వాల. నాలుగు మడతలు పెట్టి వేసి ఉంది.

పక్కకు జరిగి, మెట్టు మీద కూర్చుని కాఫీ తాగాను.